ఎండయు, డి విటమిను మాత్రయు



ఈ మధ్య మన యిండ్లలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. ఒంటినొప్పులనియో, నీరసమనియో వైద్యునివద్దకు పోవుదుము. ఆయన రక్తపరీక్ష చేయించును. డి విటమిను తక్కువగా నున్నదని తేలును. వారమునకు ఒకటి చొప్పున ఎనిమిది వారములు పుచ్చుకొనుడని 60,000 యూనిట్ల పొట్లములనో, గొట్టపు మాత్రలనో వ్రాసి యిచ్చును. ఎనిమిది వారములును గడచిపోవును. నొప్పులు కొంత తగ్గును. ఆ తరువాత ఏమి చేయవలెను?

కొందరు మందు గుణమిచ్చినదను సంతోషముతో ఏడాది పొడవునను వారము తప్పక మ్రింగుచుందురు. కొందరు మాత్రలన్న భయముచేత మూడవ వారముననే మానివేయుదురు. మరికొందరు వేసవిలో మాని చలికాలమున మరల మొదలిడుదురు. ఇంగ్లండులోనున్న కుమారుడు అట్లు చేయుచున్నానని ఫోనులో చెప్పియుండును, అదియే వారికి ప్రమాణము. ఈ మూడు దారులలో ఏది సరియైనది? మాడు పగులు ఎండలు కాయు తెలుగుదేశమున, ఎండవలన రావలసిన విటమినును మందుల దుకాణమున కొనవలసి వచ్చుట యేమి? ఈ రెండు ప్రశ్నలను కలిపి ఈనాటి ప్రసంగములో విచారింతము.

విటమినులలో డి విటమిను నడత ప్రత్యేకమైనది. తక్కిన విటమినులలో పెక్కింటిని మనము ఆహారమునుండి సంపాదించుకొనవలెను. దీనిని మాత్రము మన చర్మమే తయారు చేసికొనగలదు. చర్మములో కొలెస్టరాలు జాతికి చెందిన పదార్థ మొకటి యున్నది. ఎండలోని అతినీలలోహిత కిరణములలో ఒక తరగతి కిరణములు దానిపై పడినప్పుడు అది డి విటమినుగా మారును. అట్లు పుట్టిన విటమిను రక్తములో చేరి, మొదట కాలేయమునందును, పిమ్మట మూత్రపిండములయందును రెండు మార్పులు పొందిన తరువాతగాని పనికి సిద్ధము కాదు. తిన్న ఆహారములోని కాల్షియమును ప్రేగులనుండి రక్తములోనికి చేర్చుట దాని ముఖ్యమైన పని. అది చాలనియెడల పసిపిల్లల యెముకలు గట్టిపడక వంగిపోవును. దానినే రికెట్సు అందురు. పెద్దవారి యెముకలు మెత్తబడి నొప్పి పెట్టును. తొడల కండరములు బలహీనమై, కూర్చున్న చోటునుండి లేచుటయు, మెట్లెక్కుటయు కష్టమగును.

ఈ రహస్యము తెలియుటకు లోకమునకు చాలకాలము పట్టినది. 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ అను ఆంగ్లేయ వైద్యుడు రికెట్సును గూర్చి లాటిను భాషలో ఒక గ్రంథము ప్రకటించెను. తరువాతి శతాబ్దములలో ఐరోపా నగరములందు కర్మాగారముల పొగ కమ్ముకొని, ఇరుకు సందులలో పెరిగిన పిల్లలు అనేకులు దొడ్డికాళ్లతో నడచిరి. 1919 ప్రాంతమున రెండు వేర్వేరు నగరములలో ఈ వ్యాధికి రెండు వేర్వేరు మందులు దొరకినవి. బెర్లినులో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు అతినీలలోహిత కిరణముల నిచ్చు దీపపు వెలుగున పిల్లలనుంచి రికెట్సు నయము చేసెను. లండనులో ఎడ్వర్డ్ మెలన్‌బీ కుక్కపిల్లలకు ఓట్లు ముఖ్యముగాగల తిండి పెట్టి రికెట్సు కలిగించి, కాడ్ లివరు ఆయిలుతో దానిని నివారింపవచ్చునని చూపెను. ఒకరి మందు వెలుగు, ఒకరి మందు నూనె. రెంటిలోను పనిచేయునది ఒకే వస్తువని తేలుటకు మరికొన్ని యేండ్లు పట్టినది. 1922లో అమెరికాలో మెకాలమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ నూనెలోని గుణమును ఎ విటమినునుండి వేరుచేసి చూపెను. అప్పటికి ఎ, బి, సి అను పేర్లు వాడుకలోనికి వచ్చియుండుటచే దీనికి డి అను పేరు దక్కినది. ఈ జాతి పదార్థముల నిర్మాణమును పరిశోధించినందుకు ఆడాల్ఫ్ విండాస్‌కు 1928లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

ఈ చరిత్రను చెప్పుటకు కారణము కలదు. ఎండ ఒక దారి, మందు ఒక దారి. మొదటి దారి తెరచియున్నవారికి రెండవ దారితో అవసరము తక్కువ. మొదటి దారి మూసుకొనిపోయిన వారికి రెండవది లేక గడవదు. కావున మాత్రలు ఏడాది పొడవునను కావలెనా యను ప్రశ్నకు ముందుగా, ఎండ దారి మనకు ఏడాదిలో ఎన్ని నెలలు తెరచియుండునో చూడవలెను.

ఇందుకు యంత్రము లక్కరలేదు. మన నీడయే చాలును. సూర్యుడు ఆకాశమున బాగుగా పైకి వచ్చినప్పుడు మన నీడ మనకంటె పొట్టిగా నుండును. సూర్యుడు దిగువనున్నప్పుడు నీడ పొడవగును. కిరణములు ఏటవాలుగా వచ్చినకొలది అవి వాయుమండలములో ఎక్కువ దూరము ప్రయాణము చేయవలసివచ్చును. డి విటమినును పుట్టించు కిరణములు ఆ ప్రయాణములోనే చాలవరకు హరించిపోవును. కనుక నీడ మనిషికంటె పొట్టిగా నున్నంతసేపు ఎండలో విటమినుకు తగిన శక్తి కలదనియు, నీడ బాగుగా సాగినప్పుడు వెలుగు ఉండునుగాని విటమిను అంతగా పుట్టదనియు స్థూలముగా గుర్తుంచుకొనవచ్చును.

ఈ కొలతతో లండను నగరమును చూతము. డిసెంబరు మూడవ వారమున, మిట్టమధ్యాహ్నమున గూడ, అక్కడ సూర్యుడు దిఙ్మండలమునకు 15 డిగ్రీల యెత్తునకు మించి రాడు. మనిషి నీడ అతని పొడవుకు మూడున్నర రెట్లకు మించియుండును. అక్టోబరునుండి మార్చి వరకు ఆ దేశపు ఎండలో చర్మమునకు అక్కరకు వచ్చు కిరణము లుండవనియే చెప్పవచ్చును. అందుచేతనే 2016లో ఇంగ్లండు ప్రజారోగ్యశాఖవారు శరత్కాలమునను, శీతకాలమునను అందరును రోజునకు 10 మైక్రోగ్రాముల, అనగా 400 యూనిట్ల, డి విటమిను పుచ్చుకొనుటను ఆలోచింపవలెనని సలహా యిచ్చిరి. ఆఫ్రికా, కరీబియను దీవులు, దక్షిణాసియా ప్రాంతములనుండి వచ్చిన నల్లని చాయవారు మాత్రము ఏడాది పొడవునను పుచ్చుకొనుటను ఆలోచింపవలెనని అదే సలహాలో కలదు. నల్లని చర్మములోని వర్ణద్రవ్యము ఎండనుండి మనలను కాపాడు గొడుగు వంటిది. ఆ గొడుగే విటమినుకు కావలసిన కిరణములలో కొంతభాగమును అడ్డగించును. 1960 దశకమున గ్లాస్గో నగరమున, మన ఉపఖండమునుండి పోయి స్థిరపడిన కుటుంబముల పిల్లలలో రికెట్సు కనబడి అక్కడి వైద్యులను ఆశ్చర్యపరచినది.

అనగా, ఇంగ్లండులోనున్న మన కుమారునికి “వేసవిలో మాని చలికాలమున పుచ్చుకొనుట” గూడ చాలకపోవచ్చును. అతని చాయకును, ఆ దేశపు ఎండకును చాలనంత దూరము కలదు. అతడు తన సంగతిని అక్కడి వైద్యునితో మాటాడుకొనవలెను. అతని ఋతుపట్టికను మనము ఇక్కడ అనుసరించుట మాత్రము పనికిరాదు.

ఏలన, మన లెక్క వేరు. అదే డిసెంబరు మూడవ వారమున హైదరాబాదులో మిట్టమధ్యాహ్నమున సూర్యుడు 49 డిగ్రీల యెత్తున నుండును. తిరుపతిలో 53 డిగ్రీలు. ఉత్తరపు కొననున్న ఆదిలాబాదులో గూడ 47 డిగ్రీలకు తగ్గదు. తెలుగు దేశమున ఏ యూరిలోను, ఏడాదిలో ఏ దినమునను, మిట్టమధ్యాహ్నపు నీడ మనిషికంటె పొడవు కాదు. హైదరాబాదులో డిసెంబరు నెలలో సుమారు ఉదయము 11 గంటలనుండి మధ్యాహ్నము ఒకటిన్నర వరకు నీడ పొట్టిగా నుండును. మే నెలలో ఉదయము 9 గంటలు దాటునప్పటికే పొట్టిదగును. తిరుపతిలో చర్మపదార్థమును గాజు గొట్టములలో నుంచి ఎండకు పెట్టి పరీక్షించిన పరిశోధకులు, 11 గంటలనుండి 2 గంటలవరకు గల ఎండ అక్కడ సంవత్సరమంతయు డి విటమినును పుట్టింపగలదని 2013లో ప్రకటించిరి. శ్రావణ భాద్రపదములలో మబ్బు పట్టినను, శరీరము కొంత విటమినును కొవ్వులో దాచుకొనును. రక్తములోని నిలువ సగమగుటకు రెండు మూడు వారములు పట్టును. కావున కొలదిదినముల ముసురు మనలను బీదలను చేయదు.

మన దేశమున ఎండ దారి పన్నెండు నెలలును తెరచియే యున్నది. అయినను రక్తపరీక్షలలో లోటు కనబడుచున్నది. తిరుపతి ప్రాంతమున పల్లెలలోను, పట్టణములోను జరిపి 2007లో ప్రకటించిన పరిశోధనలో పట్టణవాసులకంటె పల్లెవాసులలోను, స్త్రీలకంటె పురుషులలోను ఈ విటమిను ఎక్కువగా నున్నట్లు తేలినది. ఊరందరికిని సూర్యుడొక్కడే. ఎవరు ఎంతసేపు ఇంటి కప్పు క్రింద నుందురు, ఎంత ఒళ్లు ఎండకు తగులును అనునదే తేడా. దారి తెరచియున్నను, మనము వాకిలి దాటుట లేదన్నమాట.

ఇందులో రెండు అపోహలును కలవు. మొదటిది, కిటికీలోనుండి పడు ఎండ చాలునను నమ్మకము. అద్దము వెలుగును, వేడిమిని లోనికి రానిచ్చును. విటమినును పుట్టించు కిరణములను రానీయదు. అద్దముల మేడలో రోజంతయు వెలుతురున కూర్చున్న ఉద్యోగి ఈ విషయమున చీకటిలో కూర్చున్నవానితో సమానుడు. రెండవది, ఉదయపు లేత ఎండలో విటమిను మెండుగా నుండునను నమ్మకము. ఉదయమున నడచుట, సూర్యనమస్కారములు చేయుట ఒంటికి, మనస్సునకు ఎంతో మేలు. ఆ అలవాటు మానవలదు. కాని సూర్యోదయవేళ నీడ ఎంత సాగియుండునో ఒకసారి చూచినచో, ఆ ఎండలో విటమిను ఏల స్వల్పమో మీకే తెలియగలదు.

అట్లని మే నెలలో మిట్టమధ్యాహ్నమున వీధిలో నిలువుడని మేము చెప్పుట లేదు. వడదెబ్బ ప్రాణములను తీయునని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. వేసవిలో 9 గంటలు దాటిన తరువాత కొద్దిసేపును, చలికాలమున 11 గంటలు దాటిన తరువాత పావుగంట మొదలు అరగంటవరకును, ముఖము, చేతులు, పాదములు ఎండకు తగులునట్లు వారమున కొన్నిదినము లుండుట ఆరోగ్యవంతులకు సామాన్యముగా మేలు చేయును. చర్మము కమిలిపోవునంతసేపు ఉండుట వలదు. ఎండవలన పుట్టు విటమినునకు ప్రకృతియే ఒక హద్దు ఏర్పరచినది. కావలసినంత పుట్టిన తరువాత, ఆ ఎండయే మిగిలిన దానిని పనికిరాని పదార్థములుగా మార్చివేయును. ఎండలో ఎక్కువసేపున్నందున డి విటమిను విషము కాదు. చర్మము ఎరిగిన ఈ హద్దును మందుల పొట్లము ఎరుగదు.

ఇక పొట్లము లెక్కకు వత్తము. భారత వైద్య పరిశోధన మండలియు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు 2020లో ప్రకటించిన పట్టిక ప్రకారము పెద్దవారికి రోజునకు కావలసినది 600 యూనిట్లు. పొట్లములో నున్నది 60,000 యూనిట్లు. ఒక్క పొట్లము నూరు దినముల కూలి. ఎనిమిది వారములలో 4,80,000 యూనిట్లు పుచ్చుకొందుము. ఎండిన చెరువును నింపుటకు ఆ పెద్ద మోతాదు సరియే. లోటు నిజముగా నున్నవారికి ఎనిమిది వారముల వైద్యమును వైద్యులు తెలిసియే వ్రాయుదురు. చెరువు నిండిన తరువాత గూడ తూము మూయకపోయినచో ఏమగునో రైతులకు తెలియును. వారమున కొకటి చొప్పున ఏడాది పొడవునను మ్రింగినచో 31,20,000 యూనిట్లగును. రోజునకు 8,500 యూనిట్లు దాటును. ఆరోగ్యవంతులైన పెద్దలు వైద్యుని పర్యవేక్షణ లేక రోజునకు 4,000 యూనిట్లు దాటరాదని అమెరికాలోని వైద్యసంస్థవారు 2010లో హద్దు నిర్ణయించిరి. మనము ఆ హద్దునకు రెండింతలు పోవుచున్నాము.

ఇంతకంటె భయంకరమైన పొరపాటు ఇంకొకటి కలదు. వారమున కొకటి యని వ్రాసినదానిని రోజునకొకటిగా మ్రింగుట. ఇట్టి పొరపాట్ల వలన రక్తములో కాల్షియము మితిమీరును. దాహము, మాటిమాటికి మూత్రము, మలబద్ధకము, వాంతులు, ఆకలి చచ్చుట, మతి తడబడుట దాని గుర్తులు. మూత్రపిండములలో రాళ్లు పుట్టవచ్చును, అవి చెడిపోవనువచ్చును. కొవ్వులో నిలువయుండు విటమినగుటచే, మాత్ర మానిన వెంటనే ఆ బాధ తీరదు. ఈ గుర్తులు కనబడినయెడల పొట్లములను చేత పట్టుకొని వైద్యునివద్దకు పోవలెను.

“ఎక్కువ పుచ్చుకొన్నను ఎముకలకు బలమే కదా” యని కొందరందురు. ఈ మాటను పరీక్షించి చూచినవారు గలరు. 1992లో ఫ్రాన్సుదేశపు లియోన్ నగర ప్రాంతమున వృద్ధుల వసతిగృహములలో నున్న 3,270 మంది వృద్ధస్త్రీలపై జరిగిన పరీక్షా ఫలితములు వెలువడినవి. సగముమందికి రోజునకు 800 యూనిట్ల డి విటమినును, దానితోపాటు 1,200 మిల్లీగ్రాముల కాల్షియమును ఇచ్చిరి. పదునెనిమిది నెలలలో వారిలో తుంటియెముక విరుగుట, మందులేని మాత్రలు పుచ్చుకొన్న వారికంటె 43 శాతము తగ్గెను. వారు ఎండ మొగమెరుగని వృద్ధులు, వారికి లోటు నిజముగా నుండెను, మోతాదు చిన్నది, దినదినము పడినది, కాల్షియముతో కూడి పడినది.

ఇందుకు ఎదురుగా ఆస్ట్రేలియాలో 70 ఏండ్లు దాటిన 2,256 మంది స్త్రీలలో సగముమందికి ఏడాదికి ఒకేసారి 5,00,000 యూనిట్లు ఇచ్చి చూచిరి. దినదినము మ్రింగు శ్రమ తప్పునని వారి యాశ. 2010లో ఫలితము వెలువడినప్పుడు, మందు పుచ్చుకొన్న వారే 15 శాతము ఎక్కువగా పడిపోయిరనియు, వారికే 26 శాతము ఎక్కువగా ఎముకలు విరిగెననియు తేలినది. మేలు చేయుదురని యిచ్చిన మందు కీడు చేసెను. అమెరికాలో 25,871 మంది నడివయస్సు దాటినవారిపై, రోజునకు 2,000 యూనిట్ల చొప్పున, సుమారు ఐదేండ్లు జరిపిన మరియొక పరీక్షలో లోటు ఉన్నవారని ఏరి తీసికొనలేదు. క్యాన్సరు సోకుట గాని, గుండెజబ్బులు గాని, ఎముకలు విరుగుట గాని తగ్గలేదని 2018 మొదలు 2022 వరకు వెలువడిన ఫలితములు చెప్పినవి.

ఈ మూడింటిని కలిపి చదివినచో తేలు నీతి ఒకటే. లోటున్నవారికి చిన్న మోతాదు నిత్యము పడినచో మేలు కలుగును. లోటులేనివారికి మాత్ర వలన కలుగు మేలు కనబడుట లేదు. ఒక్కుమ్మడిగా పడు మితిమీరిన మోతాదు కీడు చేయును. 2024లో ఎండోక్రైను సొసైటీ అను అంతర్జాతీయ వైద్యసంఘమువారు గూడ ఆరోగ్యవంతులైన, 75 ఏండ్లకు లోబడిన పెద్దలు రోజువారీ పట్టికకు మించి అలవాటుగా పుచ్చుకొనవలదనియు, పిల్లలకు, గర్భిణులకు, మధుమేహపు అంచుననున్నవారికి, 75 దాటినవారికి ఇచ్చుట మేలనియు సూచించిరి. లక్షణములేవియు లేని ఆరోగ్యవంతులకు ఈ రక్తపరీక్షయే అలవాటుగా చేయింపనక్కరలేదని వారి అభిప్రాయము.

ఆ రక్తపరీక్షను గూర్చియు ఒక మాట. మిల్లీలీటరు రక్తమునకు 20 నానోగ్రాములున్నచో చాలమందికి ఎముకల ఆరోగ్యమునకు చాలునని పైని చెప్పిన 2010 నివేదిక నిర్ణయించినది. కొన్ని పరీక్షాశాలల కాగితములలో 30కి లోబడిన అంకెను గూడ కొరతయని అచ్చువేయుదురు. 24 వచ్చినవాడు ఆ కాగితము చూచి దిగులుపడి మాత్రల వెంట పరుగెత్తుట కలదు. అంకెను వైద్యుడు చదువవలెను. అంకెతోపాటు మనిషిని గూడ చూడవలెను.

ఇప్పుడు ఒక ఇంటిని తలచుకొందము. హైదరాబాదులో నాలుగవ అంతస్తున ఒక కుటుంబము. ఎనుబదియేండ్ల నాయనమ్మ మోకాళ్ల నొప్పులచే లిఫ్టువరకు గూడ పోలేదు. ఆమెకు ఎండ దారి మూసుకొనిపోయినది. ఆమె ఎనిమిది వారముల తరువాత పూర్తిగా మానివేసినచో ఆరునెలలలో మరల మొదటికే వచ్చును. ఆమెకు చిన్న మోతాదు, కాల్షియమున్న ఆహారముతోకూడ, ఋతువుతో పనిలేక ఏడాది పొడవునను ఉండదగినది. ఆమె పడి తుంటి విరిగినచో ఆ యింటి నడక యంతయు మారిపోవును. మంచము దిగుట ఆమెకు మరల సాధ్యము కాకపోవచ్చును. ఇక్కడ బద్ధకము పనికిరాదు.

కోడలు కార్యాలయమున ఉదయము తొమ్మిదినుండి రాత్రివరకు అద్దముల వెనుక నుండును. ఆమెకు లోటుండెను, వైద్యము జరిగెను. అయితే లోటునకు కారణమైన జీవితము మారలేదు. ఆమె మధ్యాహ్నపు విరామమున ఇరువదినిమిషములు బయట నడువగలిగినచో మాత్ర అక్కర తగ్గును. అది కుదరనిచో వైద్యుడు చెప్పిన చిన్న మోతాదును నడపుకొనవలెను. వారపు పొట్లమును మాత్రము తనంతట తాను సాగింపరాదు.

ఆమె యొడిలో నాలుగునెలల శిశువున్నది. తల్లిపాలకు మించిన ఆహారము శిశువునకు లేదు. ఐనను తల్లిపాలలో ఈ విటమిను స్వల్పము. అందుచే పుట్టినది మొదలు ఏడాది నిండువరకు ప్రతి శిశువునకు రోజునకు 400 యూనిట్ల చుక్కలు వేయవలెనని భారతీయ శిశువైద్యుల సంఘము చెప్పుచున్నది. ఇక్కడ తల్లులు ఒక్కటి గమనింపవలెను. బజారున దొరకు చుక్కలమందులలో మిల్లీలీటరునకు 400 యూనిట్లు గలదియు, 800 యూనిట్లు గలదియు రెండును కలవు. సీసా మారినప్పుడెల్ల దానిపై వ్రాతను చదివియే కొలవవలెను. పెద్దల 60,000 యూనిట్ల సీసాను శిశువు మందున్న గూటిలో నుంచనే రాదు.

మామగారు అరువదికి దగ్గరవారు. రోజును పదిగంటలకు కూరగాయలకు పోయి, పదకొండింటికి ఎండలో నడచి వచ్చువారు. పొరుగువారు మ్రింగుచున్నారని ఆయనయు రెండేండ్లనుండి వారమునకొక పొట్లము మ్రింగుచున్నారు. మునుపు మూత్రపిండమున రాయి వచ్చియుండెను. ఈ యింటిలో ముందుగా వైద్యుని కలిసికొనవలసినవారు ఆయనయే. పల్లెలో పొలము చేసికొను ఆయన అన్నగారికి మాత్రము ఎండ కొరత లేదు. మాత్ర అక్కరయు సామాన్యముగా నుండదు.

ఒకే కుటుంబము, ఇందరు మనుష్యులు, ఇన్ని జవాబులు. మూర్ఛకు, క్షయకు చిరకాలము మందులు వాడువారును, కాలేయ మూత్రపిండ వ్యాధులు గలవారును ఈ లెక్కలలో చేరరు. కొన్ని మందులు విటమినును త్వరగా ఖర్చు చేయును. కొన్ని వ్యాధులలో అది మితిమీరి పనిచేయును. వారి మోతాదును వారి వైద్యుడే నిర్ణయింపవలెను.

చివరగా కంచమును మరువరాదు. డి విటమిను మోయు కూలివాడు. మోయవలసిన బరువు కాల్షియము. బరువే లేనప్పుడు కూలివాని నెంతమందిని పెట్టినను ప్రయోజనమేమి? పైని చెప్పిన తిరుపతి పరిశోధనలో పల్లెవారును, పట్టణవారును గూడ కాల్షియమును తక్కువగానే తినుచున్నట్లు తేలినది. పెద్దవారికి రోజునకు 1,000 మిల్లీగ్రాములు కావలెనని 2020 నాటి పట్టిక చెప్పుచున్నది. నూరుగ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు కలదు. రాయలసీమ రాగిసంగటిని బీదల తిండియని చిన్నచూపు చూచి మనమే నష్టపడితిమి. పాలు, పెరుగు, మజ్జిగ, నువ్వులు, మునగాకు, ముల్లుతో తినదగు చిన్నచేపలు దీనికి ఆధారములు. డి విటమిను మాత్రము మన శాకాహారమున దాదాపు లేదు. గ్రుడ్డు పచ్చసొనలోను, కొన్ని చేపలలోను కొంత కలదు. ఎ, డి విటమినులు చేర్చిన పాలు, వంటనూనెలు నేడు లభించుచున్నవి. వాని పొట్లములపై నీలిరంగున ఎఫ్ అక్షరము, కూడిక గుర్తు ఉండును. కొనునప్పుడు చూచి కొనుట మంచిది.

మేము చెప్పదలచినదానిని సంగ్రహింతము. ఇంగ్లండున ఈ ప్రశ్నకు జవాబు చాలవరకు పంచాంగములో నున్నది. మన దేశమున పంచాంగమును చూచి ప్రయోజనము లేదు, మనిషిని చూడవలెను. ఎండకు పోగలవారు పోవలెను. పోలేనివారు చిన్న మోతాదును ఏడాది పొడవునను నిర్భయముగా వాడుకొనవచ్చును. పెద్ద మోతాదునకు మాత్రము ముగింపుతేది యుండవలెను. వైద్యుడు ఆ పొట్లములను వ్రాసినప్పుడు రెండు ప్రశ్నలు అడుగుడు: “అయ్యా, ఇవి ఎంతవరకు? ఆ తరువాత ఏమి?” ఆయన చెప్పిన తేదిని ఆ పెట్టెమీదనే సిరాతో వ్రాసిపెట్టుడు.

ఈ రాత్రి మీ యింటి మందులపెట్టెను ఒకసారి తెరచి చూడుడు. ప్రతి పొట్లముపైనను ఎన్ని యూనిట్లున్నవో, అది ఎవరికొరకు, ఏ దినమువరకు వ్రాసినదో చదువుడు. తేది దాటియు మ్రింగుచున్నవారు ఇంటిలో ఎవరైన నున్నచో రేపే వైద్యునితో మాటాడుడు. అటులనే, మంచము దిగలేని పెద్దవారికి మాత్ర ఎన్నడో ఆగిపోయినట్లు తెలిసినచో, దానిని గూర్చియు ఆయనను అడుగుడు.